టి.వి. బల్ల – ఇంటి వడ్రంగం – ఒంటి జాగ్రత్త

ఈ వారం నా తప్పు ఒకటి పాఠకులకు చెప్పుకోవాలి.

కిందటి ఏడాది మా ఇంట్లోకి నేనే స్వయంగా ఒక టి.వి. బల్ల చేశాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. మూడు నెలలు తిరగకుండానే మా రెండున్నరేళ్ల మనవడు దాని కింది డ్రాయరు లాగి, అంచు మీద కాలు మోపి, పైనున్న రిమోటు అందుకోబోయాడు. బల్ల ముందుకు ఒరిగింది. టి.వి. వాడి పక్కగా చాప మీద పడింది. వాడి నుదురు చెక్క అంచుకు తగిలి బొప్పి కట్టింది. టి.వి. ఒక్క జానెడు ఇటు పడి ఉంటే ఏమయ్యేదో, ఇన్నేళ్లుగా ప్రభుత్వ ఆస్పత్రిలో తలదెబ్బలు చూస్తున్నవాణ్ణి కనుక నాకు బాగా తెలుసు.

ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా కరెంటు రంపాలు, డ్రిల్లులు సులభంగా దొరుకుతున్నాయి. సెలవు రోజున ఇంట్లో ఏదో ఒకటి చెయ్యాలనే సరదా చాలామందికి పుడుతోంది. మంచిదే. అయితే చేసేవాడి ఒళ్లు, చేసిన వస్తువు చుట్టూ తిరిగే పిల్లల ఒళ్లు రెండూ క్షేమంగా ఉండాలి కదా. అందుకే ఆ బల్ల కథ రాస్తున్నాను.

మా రెడ్డిగూడెం చుట్టుపక్కల ఎటు చూసినా మామిడి తోటలే. కాపు తగ్గిన ముసలి చెట్లు కొట్టించినప్పుడు చెక్కకు కొరత ఉండదు. చెక్కపనితో మా ప్రాంతానికి చుట్టరికం కూడా పాతదే. మైలవరం మీదుగా వెళితే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. మరో పక్క నూజివీడు. అక్కడ పనస దుంగలతో వీణలు చేస్తారు. ఇంత పనితనం మధ్య పుట్టి పెరిగి, యాభై అయిదేళ్లు వచ్చేదాకా నేను ఉలి పట్టిన పాపాన పోలేదు.

మా ఇంట్లో పాత టి.వి. బల్ల ఒకటి ఉండేది. 1987 లో, ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వస్తున్న రోజుల్లో, మా నాన్నగారు టేకుతో చేయించింది. వెనకాల పెద్ద బొజ్జ ఉన్న ఆనాటి టి.వి. పట్టాలి కనుక దాని లోతు రెండడుగులు. ముందు తాళం వేసుకునే తలుపులు. కొత్తగా కొన్న 43 అంగుళాల పలక టి.వి.కి దాని వెడల్పు చాలలేదు. “కొత్తది నేనే చేస్తాను” అన్నాను. “అవి కుట్లు వేసే చేతులు గానీ మేకులు కొట్టే చేతులు కావు” అన్నది మా ఆవిడ.

ఆ మాటకు పంతం వచ్చి, మా ఊరి వడ్రంగి మేస్త్రి గారి దగ్గర చేరాను. ఆయనకు అరవై అయిదు దాటాయి. నా దగ్గర బి.పి. మందులు తీసుకునే మనిషే. ఇప్పుడు గురువు ఆయన, శిష్యుణ్ణి నేను.

చెయ్యి ఎక్కడుంది?

మొదటి వారం ఆయన నా చేత చెక్క కోయించలేదు. ఉలి నూరించారు. ఎందుకండీ ఇంత నూరుడు అంటే, “మొద్దు ఉలే చెయ్యి కోస్తుందండీ డాక్టరు గారూ” అన్నారు. నిజమే. పదును లేని పనిముట్టును బలం పెట్టి తొయ్యాలి. బలం పెట్టినప్పుడే అది జారుతుంది. ఆపరేషను కత్తి విషయంలో మాకు కాలేజీలో చెప్పిన పాఠం కూడా ఇదే.

ఆయన చెప్పిన రెండో సూత్రం: ఉలి ఎటు పోతుందో అటు చెయ్యి ఉండకూడదు. కొత్తవాళ్లు ఎడమచేత్తో చెక్క పట్టుకుని, కుడిచేత్తో ఉలిని ఆ చేతివైపే తోస్తారు. ఎడమ అరచేతిలో, చూపుడువేలి మొదట్లో నేను కుట్లు వేసిన గాయాల్లో ఇలా అయినవి అనేకం. చెక్కను చేత్తో పట్టుకోకుండా బల్లకు క్లాంపుతో బిగించండి. అప్పుడు రెండు చేతులూ ఉలి వెనకే ఉంటాయి.

కరెంటుతో తిరిగే పనిముట్ల విషయంలో ఒక మాట చాలామందికి వింతగా ఉంటుంది. డ్రిల్లు, కరెంటు రంపం వాడేటప్పుడు చేతికి గుడ్డ గ్లవ్జు వేసుకోకూడదు. తిరిగే భాగం గ్లవ్జు పోగును పట్టుకుంటే వేలిని కూడా లాక్కుపోతుంది. వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, లుంగీ అంచు, వేలి ఉంగరం – ఇవన్నీ అంతే. ఇనుము అరగదీసే గ్రైండరుకు చెక్క కోసే పళ్ల చక్రం తగిలించడం కొందరికి అలవాటు. అది చేతిలోంచి ఎగిరి ముఖానికి తగులుతుంది. ఆ పని అసలు చెయ్యవద్దు.

నిద్రమాత్ర, మత్తు తెచ్చే జలుబుమాత్ర వేసుకున్న రోజున, మద్యం తాగిన రోజున రంపం ముట్టుకోకండి. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న గాయం నుంచి కూడా ఎక్కువసేపు రక్తం కారుతుంది. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. కాలి కింద మేకు దిగినా తెలియదు. వీరు చెప్పులతో సరిపెట్టకుండా బూట్లు వేసుకోవాలి.

గాయమైతే

ముందు సబ్బుతో, ధారగా పడే నీటితో కడగండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పది నిమిషాలు గడియారం చూసి అదమాలి. నిమిషానికోసారి గుడ్డ తీసి చూస్తే రక్తం ఆగదు. పసుపు, కాఫీపొడి, బొగ్గుపొడి అద్దవద్దు. మేము కుట్టేముందు వాటిని కడగడానికే సగం సమయం పోతుంది. వేలికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసెయ్యండి.

గాయం చిన్నదైనా ఈ పరీక్ష చెయ్యండి. తెగిన వేలి ప్రతి కణుపూ వంగుతోందా? చాస్తే చాస్తోందా? వేలికొసను తాకితే తెలుస్తోందా? వీటిలో ఏ ఒక్కదానికి లేదని జవాబు వచ్చినా లోపల నరమో, కండరాన్ని ఎముకకు కలిపే తాడో తెగి ఉండవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

వేలు పూర్తిగా తెగి పడితే గాబరాపడి దాన్ని పారెయ్యకండి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. ఆ సంచిని ఐసు వేసిన నీటిలో ఉంచి తీసుకురండి. వేలు నేరుగా ఐసుకు తగిలితే కణాలు గడ్డకట్టి చస్తాయి, అతికించడానికి పనికిరాదు.

చెక్క పేడు గుచ్చుకుంటే వేడినీటిలో మరగబెట్టిన చిన్న పట్టకారుతో, అది ఏ దారిన దిగిందో ఆ దారినే వెనక్కి లాగండి. లోపల ముక్క మిగిలితే చీము పడుతుంది. ఎక్సురేలో చెక్క చాలాసార్లు కనపడదు. కనుక ‘పేడు గుచ్చుకుంది’ అన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి.

ధనుర్వాతం సంగతి కూడా చెప్పాలి. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని అందరూ అనుకుంటారు. ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. శుభ్రంగా ఉన్న కొత్త మేకు మీద మట్టి అంటినా ప్రమాదమే. గాయమైన 3 నుంచి 21 రోజుల లోపల సాధారణంగా దవడలు బిగుసుకోవడంతో మొదలవుతుంది. మన దేశంలో టీకాల కార్యక్రమంలో పాత టి.టి. ఇంజక్షను స్థానంలో 2019 లో టి.డి. వచ్చింది, ఇది ధనుర్వాతంతోపాటు కంఠసర్పి రాకుండా కూడా కాపాడుతుంది. పూర్వం టీకాలన్నీ సక్రమంగా వేయించుకున్నవారికి పదేళ్లకొకసారి చాలు. మట్టి పడిన లోతు గాయమై, చివరి ఇంజక్షను తీసుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ ఒకటి వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ మాట చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడనవసరం లేదు.

పొట్టు ముక్కులోకి పోతుంది

మా మేస్త్రి గారికి ఏళ్ల తరబడి పొడిదగ్గు. “చెక్కపనిలో ఉన్నవాడికి దగ్గు మామూలేనండీ” అంటారు. మామూలు కాదు. ఆయన్ని బలవంతంగా ఊపిరితిత్తుల పరీక్షకు పంపాను.

చిత్రిక పట్టినప్పుడు రాలే పెద్ద పెద్ద పొరలు నేలమీద పడతాయి. వాటితో భయం లేదు. కరెంటు రంపం నుంచి, ఉప్పుకాగితం రుద్దడం నుంచి లేచే పిండిలాంటి దుమ్ము గాలిలో తేలుతూ ఊపిరిలోకి పోతుంది. దానివల్ల తుమ్ములు, ముక్కు దిబ్బడ, దగ్గు, ఆస్తమా వస్తాయి. టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మామిడి సొన తగిలితే ఒళ్లు పొక్కుతుందని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. పచ్చి మామిడి చెక్కతో పని మొదలుపెట్టకపోవడానికి అదొక కారణం. ఆరని చెక్క తరవాత వంకర పోతుందన్నది రెండో కారణం.

ఇంగ్లండులో హైవికోంబ్ అనే ఊరు కుర్చీలకు, బల్లలకు పేరు. 1960 లలో అక్కడి చెవి ముక్కు గొంతు డాక్టరు ఎస్మే హాడ్‌ఫీల్డ్ ఒక సంగతి గమనించింది. సామాన్యంగా ఎక్కడా కనపడని ఒక రకం ముక్కు కాన్సరు తన దగ్గరికి వచ్చే వడ్రంగులలో కనపడుతోంది. ఆమె, ఆమెతో పనిచేసిన డాక్టర్లు 1968 లో ఆ వివరాలు ప్రకటించారు. 1995 లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషులకు కాన్సరు కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఏడాదికొక బల్ల చేసే నాబోటివాడు దీనికి హడలిపోనక్కరలేదు. జీవితమంతా ఆ దుమ్ములో బతికేవారికి వచ్చే ముప్పు ఇది. మీ ఇంటికి పనికి వచ్చే వడ్రంగికి ఈ మాట చెప్పండి. ఒకే వైపు ముక్కు దిబ్బడ వారాల తరబడి తగ్గకపోయినా, ఒకే వైపునుంచి మాటిమాటికి రక్తం వచ్చినా చెవి ముక్కు గొంతు డాక్టరు చూడాలి.

ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. కరోనా రోజుల్లో అందరికీ పరిచయమైన ఎన్-95 మాస్కు ఆపుతుంది. పని ఆరుబయట, గాలివాలు చూసుకుని చెయ్యండి. తరవాత పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఒంటిమీది బట్టలు విప్పి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి.

కళ్లు, చెవులు, సీసాలు

చత్వారపు అద్దాలు కళ్లకు రక్షణ కాదు. పక్కలనుంచి నలుసు దూరుతుంది. పక్కలు కూడా మూసే రక్షణ అద్దాలు కొనండి. కంట్లో నలుసు పడితే నలపకుండా శుభ్రమైన నీటితో బాగా కడగాలి. పేడు కంట్లో దిగబడి ఉంటే మాత్రం దాన్ని లాగకూడదు, నొక్కి కట్టు కట్టకూడదు. ఒక కాగితం కప్పు కంటిమీద బోర్లించి, అంటించి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.

85 డెసిబెల్సు శబ్దాన్ని చెవులు రోజుకు 8 గంటలు ఓర్చుకుంటాయని లెక్క. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్సుకు ఓర్చుకునే సమయం సగానికి తగ్గుతుంది. కరెంటు రంపం శబ్దం 100 చుట్టుపక్కల ఉంటుంది. అంటే పావుగంట. చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాల ఖరీదు ఎంతో కాదు.

ఇక టర్పెంటైను, థిన్నరు, పాలిష్ స్పిరిటు. వీటిని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పొయ్యకండి. పిల్లలు నీళ్లనుకుని తాగుతారు. అలా జరిగితే వాంతి చేయించవద్దు. వాంతితోపాటు ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. సీసా చేతపట్టుకుని ఆస్పత్రికి రండి. ఇంకొకటి: అవిసెనూనె అద్దిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విడదీసి ఆరుబయట ఆరెయ్యండి.

నా బల్ల ఎందుకు పడింది?

రెండు చెక్కలు కలపడానికి మేకులు కొట్టడం మేస్త్రి గారికి ఇష్టం లేదు. ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలో బిగించడం నేర్పారు. నాకు ఆరు చెక్కలు పాడయ్యాయి. ఏడోది కుదిరింది గానీ కాస్త వదులు. కొండపల్లి బొమ్మలవాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతుకులు వేస్తారని విని, నేను కూడా జిగురులో పొట్టు కలిపి సందులు పూడ్చాను. పైకి నున్నగా కనపడింది. మేస్త్రి గారు వేలితో కదిపి చూసి, “బొమ్మకైతే చాలండీ, బరువు మోసేదానికి చాలదు” అన్నారు. పైన చర్మం మూసుకుని లోపల చీమున్న గాయం ఎంత మానినట్టో ఆ అతుకు అంత గట్టి. సిగ్గుపడి విప్పి మళ్లీ చేశాను.

అంత విన్నవాణ్ణి ఒక్క మాట వినలేదు. గదిలో చోటు కలిసివస్తుందని బల్ల లోతు 9 అంగుళాలే పెట్టాను. “లోతు చాలదండీ” అన్నారాయన. టి.వి. పలచగా ఉందిగా అన్నాను నేను.

లెక్క చూడండి. బల్ల, టి.వి. కలిపి 20 కిలోలు. ఆ బరువు ముందు అంచుకు నాలుగున్నర అంగుళాల వెనక ఉంది. 20 ని నాలుగున్నరతో హెచ్చిస్తే 90. మనవడి బరువు 12 కిలోలు. లాగిన డ్రాయరు అంచు 8 అంగుళాలు ముందుకు వచ్చింది. 12 ఎనిమిదులు 96. తొంభై కంటే తొంభై ఆరు పెద్దది. బల్ల పడింది. ఎనిమిదో క్లాసు పిల్లవాడు చెయ్యగల లెక్క, నేను చెయ్యలేదు.

ఆ రాత్రి మేము నిద్రపోలేదు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఒక రోజు కనిపెట్టి ఉండాలి. మాటిమాటికి వాంతులు, లేపినా లేవని మగత, మూర్ఛ, ముక్కునుంచి గానీ చెవినుంచి గానీ రక్తమో నీరో కారడం, చెయ్యో కాలో బలం తగ్గడం, ఎంత ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు – వీటిలో ఏది కనపడినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాస్పత్రికి తీసుకువెళ్లాలి. వాహనం లేకపోతే 108 కి ఫోను చెయ్యండి. స్పృహ తప్పితే ఒక్క నిమిషమైనా సరే చూపించాలి. నిద్రపోనివ్వకూడదన్న మాట నిజం కాదు. పడుకోనిచ్చి, మధ్యమధ్య లేపి మామూలుగా పలుకుతున్నాడో లేదో చూస్తే చాలు. దేవుడి దయవల్ల మావాడు తెల్లారేసరికి ఇడ్లీ అడిగాడు.

తరవాత బల్ల విప్పి మళ్లీ చేశాను. ఇప్పుడు లోతు 18 అంగుళాలు. మెట్లలా పనికివచ్చే కింది డ్రాయర్లు తీసేసి, ఖాళీ అర ఉంచి, అందులో బరువైన పుస్తకాలు పెట్టాను. పైన ఒకే డ్రాయరు. అది 8 అంగుళాలకు మించి రాకుండా అడ్డుచెక్క. మొత్తం బరువు 30 కిలోలు. 30 తొమ్మిదులు 270. 25 కిలోల పిల్లవాడు వేలాడినా 25 ఎనిమిదులు 200 మాత్రమే. అయినా పిల్లలు ఊరికే వేలాడరు, ఊగుతారు. కాబట్టి బల్లను రెండు ఇనుప మూలబద్దలతో గోడకు బిగించాను. టి.వి.ని కూడా వెనకనుంచి పట్టీతో కట్టాను. రిమోటు, బిస్కెట్ల డబ్బా, బొమ్మలు టి.వి. పక్కన పెట్టడం మానేశాం.

అమెరికాలో ఇలా పడి పిల్లలు చనిపోతున్నందున 2022 లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. బట్టల డ్రాయర్ల బల్లలు 60 పౌన్లు, అంటే 27 కిలోల దాకా బరువున్న పిల్లలు ఎక్కినా పడకూడదని పరీక్షించాలన్నారు. మన ఇంట్లో ఆ పరీక్షకు 25 కిలోల బియ్యం బస్తా చాలు. టి.వి. దింపి, పిల్లల్ని అవతలికి పంపి, ఇద్దరు మనుషులు బల్లను పట్టుకుని ఉండగా, డ్రాయర్లన్నీ తెరిచి ముందు అంచు మీద కొద్దికొద్దిగా బరువు మోపండి. వెనక కాళ్లు లేచాయా, ఆ బల్ల మీద టి.వి. పెట్టవద్దు. కొనుక్కున్న బల్లకు కూడా ఇదే పరీక్ష.

ఎత్తు విషయం కూడా చెప్పి ముగిస్తాను. టి.వి.ని గోడమీద దేవుడి పటంలా పైకి తగిలిస్తే చూసేవాళ్లకు మెడనొప్పి వస్తుంది. కూర్చున్నప్పుడు కళ్లు ఎంత ఎత్తున ఉంటాయో టి.వి. మధ్యభాగం ఇంచుమించు అంతే ఎత్తున ఉండాలి. కుర్చీలో కూర్చునేవారికి, చాపమీద కూర్చునేవారికి మధ్యస్థంగా నా బల్ల ఎత్తు 22 అంగుళాలు పెట్టాను. మా ఇంట్లో ఎవరూ మెడ పట్టేసిందనలేదు.

వడ్రంగం నేర్చుకోండి. సాయంత్రం ఒక గంట చెక్క ముందు నిలబడితే నాకు ఆస్పత్రి గొడవలు గుర్తుకు రావు, రాత్రి నిద్ర బాగా పడుతుంది. బి.పి. మాత్ర మాత్రం మానలేదు, మీరూ మానకండి. మా మేస్త్రి గారు ఇప్పుడు మాస్కు పెట్టుకుంటున్నారు. ఆయన చెప్పిన మాట నేను వినకపోయినా, నేను చెప్పిన మాట ఆయన విన్నారు.